మాయమైన పది

"ఈ ఊళ్ళో దొంగతనం చేయదలచినవాడు ముందు నేను నిద్రపోయానో లేదో కనుక్కుంటాడు. నేను నిద్రపోను" అని ప్రకటించాడు బాబాయి.

పొద్దున బస్సులో కండక్టరు ఆయన్ని రెండుసార్లు తట్టి లేపిన సంగతి ఆయన అన్నకూతురైన కంప్యూటరు పంతులమ్మకు తెలుసు. కానీ వాదించే ఓపిక లేదు. శిక్షణ కేంద్రంలో గోడగడియారం బాగుచేయడానికి వచ్చిన బాబాయి, ఆమె తల పట్టుకుని కూర్చోవడం చూసి నిచ్చెన దిగి వచ్చేశాడు.

నాలుగింటికి ప్రిన్సిపాలు పాఠం వినడానికి వస్తాడు. నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకుంటే ఈ నెలతో సరి. ఒకటి నుంచి పది దాకా కూడే చిన్న ప్రోగ్రాము, పైథాన్‌లో ఒకటి, సి భాషలో ఒకటి. పైథాన్ బుద్ధిగా యాభై అయిదు అంటోంది. సి మాత్రం నలభై అయిదు దగ్గర మొరాయించింది. తొమ్మిదితోనే ఆగిపోయే తప్పును ఆమె ఎప్పుడో దిద్దింది, సేవ్ చేసింది, మళ్ళీ నడిపింది. అయినా నలభై అయిదే.

"పది తగ్గిందంటే అపహరణే" అని బాబాయి గడియారాలు చూసే కంటి అద్దం తగిలించుకుని తెరకు ముక్కు ఆనించాడు. "అమ్మాయ్, ఇందులో చుక్కలున్నాయి. రహస్య సంకేతాలు."

"ఏ తెరకైనా ఉంటాయి బాబాయ్."

"నిన్ను అలా నమ్మించారన్నమాట."

ఇంతలో పక్క గది లెక్కల మాస్టారు సుద్దముక్క కోసం వచ్చాడు. బాబాయి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"అంకెలతో పరిచయం ఉన్నవాడి పని ఇది. మాస్టారూ, రెండింటికి ఎక్కడున్నారు?"

"మీ నిచ్చెన పట్టుకుని నిలబడ్డానండీ. పడిపోతానని మీరేగా పిలిచారు."

"చూశావా అమ్మాయ్, సాక్షిని ముందే సిద్ధం చేసుకున్నాడు. అదీ నన్నే."

"బాబాయ్, నీకు పుణ్యముంటుంది. అరగంటే ఉంది."

"వేలిముద్రలకు అరగంట ఎక్కువే" అని ఆయన సుద్దపొడి తీసి కీబోర్డు మీద చల్లేశాడు. ఆమె గుడ్లురిమి చూడడంతో కంగారుపడి తువాలుతో బరబరా తుడిచాడు. తువాలు ఏ మీటలు నొక్కిందో ఏమో, తెర మీద ఎంచి ఉన్న ఫైలు కాస్తా ఎగిరిపోయింది.

ఆమె ప్రోగ్రామును నడపబోయింది. అలాంటి ఫైలే లేదంది యంత్రం. చూస్తే, తను రాసి దిద్దిన ప్రోగ్రాము భద్రంగానే ఉంది. పోయింది పొద్దున కంపైల్ చేసినప్పుడు తయారైన ఫైలు.

అప్పుడు వెలిగింది. పైథాన్ రాసింది రాసినట్టు చదివి నడుపుతుంది. సి అలా కాదు, దిద్దిన ప్రతిసారీ కంపైల్ చేసి యంత్రం భాషలో కొత్త ఫైలు చేయించుకోవాలి. నెల్లాళ్ళుగా పైథాన్ చెప్పీ చెప్పీ ఆమె ఆ పనే మరిచింది. దిద్దింది ఒకదాన్ని, నడిపింది పొద్దుటి పాతదాన్ని. కంపైల్ చేసింది. యాభై అయిదు.

ప్రిన్సిపాలు రాగానే ఆమె రాసుకున్న పాఠం పక్కన పెట్టి, ఈ మతిమరుపునే పాఠంగా చెప్పింది.

"ఈ తప్పుతోనే నేనొక సాయంత్రమంతా ఏడ్చాను. ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాడాయన. "సోమవారం వచ్చి సంతకం పెట్టండి."

వరండాలో బాబాయి మాస్టారికి కాపలా కాస్తున్నాడు.

"ఉద్యోగం వచ్చింది బాబాయ్. పది దొరికింది."

"దాచిందెవరో నాకు తెలుసు. ఇంటి మనిషి, అందుకే బయటపెట్టను."

మాస్టారు ఊరుకోలేదు.

"మరి నన్నెందుకండీ గంటసేపు నిలబెట్టారు?"

"మీరు పారిపోతారేమోనని."