నొక్కని నేరం

ఉత్తర ఇంగ్లండులోని స్కెల్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయం ఈ ఏడాది కూడా సైబర్ భద్రతలో తానే అగ్రగామినని సగర్వంగా ప్రకటించింది. పోటీ పెట్టిందీ, తీర్పు చెప్పిందీ విశ్వవిద్యాలయమే కనుక ఫలితం మీద ఎవరికీ అనుమానం రాలేదు. ప్రకటన అడుగున చిన్న అక్షరాలతో ఒక విన్నపం కూడా ఉంది. వెబ్‌సైటు తాత్కాలికంగా పనిచేయడం లేదు కనుక, పూర్తి వివరాలు కోరేవారు స్వయంగా ఆఫీసుకు వచ్చి అడగవలెను.

ఇంతటి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ నెట్‌వర్కింగ్, సైబర్ భద్రత అనే డిగ్రీ ఉండటంలో వింత లేదు. అది మూడేళ్ళ చదువు. స్కూల్లో తగిన మార్కులు రానివాళ్ళకూ, స్కూలు మొహం చూసి పాతికేళ్ళు దాటినవాళ్ళకూ దాని ముందు ఇంకో ఏడాది అతికించారు. దాన్ని పునాది సంవత్సరం అంటారు. పేరుకు పునాదే గానీ, ఫీజు మాత్రం పై అంతస్తుదే.

ఆ పునాదిలో చేరిన గ్లెనిస్ అక్రాయిడ్ అంతకుముందు తివాచీల కంపెనీలో ఫోన్ల దగ్గర కూర్చునేది. నలభై దాటాక ఉన్న ఉద్యోగం వదులుకుని చదువుకు పోవడానికి ఆమెకు పిచ్చేమీ పట్టలేదు. ఆమె భర్త క్లైవ్ బస్సు డ్రైవరు. సముద్రం ఒడ్డున ఒక పాత కారవాన్, అదే చక్రాల మీది ఇల్లు, కొనుక్కుందామని అతను ఏళ్ళ తరబడి దాచుకున్న డబ్బంతా, బ్యాంకు పేరుతో వచ్చిన ఒక ఈమెయిలులోని లింకును నొక్కినందుకు ఆవిరైపోయింది. ఫిర్యాదు చేస్తే బ్యాంకు చాలా సానుభూతితో జవాబు రాసింది. మీరే స్వయంగా నొక్కారు కనుక బాధ్యత మీదేనని తేల్చింది. ఆ తరవాత క్లైవ్ లిఫ్టులో మీట నొక్కాలన్నా పక్కవాళ్ళ మొహం చూసేవాడు. నవ్వుతూనే చూసేవాడు గానీ, ఆ నవ్వు చూసినప్పుడల్లా గ్లెనిస్‌కి బ్యాంకు రాసిన ఆ జవాబు గుర్తొచ్చేది. ఇంకో ఇంట్లో ఇలా జరగకుండా చూసే పని ఏదైనా ఉంటే అది నేర్చుకోవాలని ఆమె పట్టుబట్టింది.

పునాది సంవత్సరం బోధన ఎంతో శాస్త్రీయంగా జరిగింది. మొదటి కొన్ని వారాలు, నేర్చుకోవడం ఎలాగో నేర్చుకోవడం ఎలాగో నేర్పారు. ఆపైన తమ గురించి తాము ఆలోచించి, ఆలోచించినందుకు తమకేమనిపించిందో వ్యాసం రాయమన్నారు. నెట్‌వర్కు ప్రయోగశాల కొత్తగా కట్టారు. అద్దాల తలుపు, దానికి కంప్యూటరు తాళం. ఆ తాళాన్ని నడిపే కంప్యూటరు ప్రయోగశాల లోపల ఉంది. అది పాడయ్యాక లోపలికి వెళ్ళి బాగుచేసే మార్గం ఎవరికీ తోచలేదు. అందుచేత విద్యార్థులు అద్దం బయట వరసగా నిలబడి, లోపలి తీగలను చూసి రంగు పెన్సిళ్ళతో బొమ్మలు గీశారు. నీలం తీగ చక్కగా వేసినవాళ్ళకు మంచి మార్కులు వచ్చాయి.

పాఠాలు చెప్పే డాక్టర్ రూపర్ట్ విన్‌స్టాన్లీ ఈ రంగంలో నిష్ణాతుడు. రహస్య పదాలను ఎక్కడా రాసుకోరాదన్న పాఠాన్ని ఆయన ఎంత తన్మయంగా చెప్పేవాడంటే, తన రహస్య పదం రాసిన పసుపుపచ్చ చీటీ తన వెనక తెర అంచునే అంటించి ఉందన్న సంగతి కూడా మరిచిపోయేవాడు. అయినా ఆయన చెప్పిన ఒక పాఠం మాత్రం నిజంగా గొప్పది.

"ఈమెయిలు మిమ్మల్ని తొందరపెడుతోందా? అనుమానించండి. భయపెడుతోందా? అనుమానించండి. పంపినవాడి చిరునామా వింతగా ఉందా, మీ పేరు సరిగ్గా లేదా, బ్యాంకు వివరాలు అడుగుతోందా? చచ్చినా నొక్కకండి. భద్రతా విభాగానికి పంపి, చెరిపేయండి" అన్నాడాయన.

తరగతిలో అందరూ తలలూపారు. గ్లెనిస్ ఒక్కతే తల ఊపడంతో ఆగకుండా ఆ పాఠాన్ని నమ్మింది. అదే ఆమె చేసిన మొదటి పొరపాటు.

పాఠం ఎంత బాగా ఎక్కిందో చూడటానికి భద్రతా విభాగం అప్పుడప్పుడూ దొంగ మెయిళ్ళు తానే తయారుచేసి వదిలేది. ఒకసారి ఉచిత పిజ్జా అని పంపారు. తరగతి మొత్తం నొక్కింది. విద్యార్థుల వ్యవహారాలు చూసే ఉప కులపతి ప్రొఫెసర్ ఇమోజెన్ ఫాదర్‌గిల్ అయితే, పిజ్జా ఎంతకీ రాకపోయేసరికి మళ్ళీ నొక్కారు. ఆవిడ ఇలాంటి వాటికి కుంగిపోయే మనిషి కాదు. అప్రమత్తత ఆవశ్యకతపై మరుసటి వారమే కీలకోపన్యాసం ఇచ్చి, చప్పట్లు కొట్టించుకున్నారు.

వేసవి ముందు పరీక్షలయ్యాయి. అన్నిటిలోనూ గ్లెనిస్‌వే ఎక్కువ మార్కులు. ఇక మొదటి సంవత్సరంలోకి వెళ్ళడమే తరువాయి. విద్యార్థులను పై తరగతికి పంపే పని విశ్వవిద్యాలయం తాను చేయకుండా, ఖర్చు కలిసొస్తుందని బయటి కంపెనీకి అప్పగించింది. ఆ కంపెనీ అందరికీ ఒక మెయిలు పంపింది. చిరునామా ఎక్కడిదో తెలియదు. విద్యార్థి పేరు ఉండాల్సిన చోట పేరు లేకుండా 'ప్రియమైన మొదటిపేరు' అని సంబోధన. ఎర్రటి అక్షరాల్లో, తక్షణమే కింద నొక్కి పుట్టినతేదీ, బ్యాంకు వివరాలు ఇవ్వనిచో మీ సీటు రద్దగును అని హెచ్చరిక. రద్దు అన్న మాటలో స్పెల్లింగు తప్పు.

మిగతావాళ్ళు మెయిలు పూర్తిగా చదవకుండానే నొక్కి, పబ్బుకు వెళ్ళిపోయారు. గ్లెనిస్ మాత్రం వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, క్లైవ్‌ని పిలిచింది.

"ఇదిగో చూడు, పుస్తకంలో ఉన్న లక్షణాలన్నీ ఒక్కదాన్లోనే ఉన్నాయి. ఎవడో గానీ బొత్తిగా పనిరాని దొంగ!"

క్లైవ్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. "నన్ను దగ్గరికి పిలవకు బంగారం. నా వేలికి బుద్ధి లేదు."

"నొక్కడం లేదుగా. పట్టిస్తున్నా."

"మా ఇంటి పోలీసమ్మ! మరి టీ నన్ను పెట్టుకోమంటావా, దాన్ని కూడా పట్టిస్తావా?"

ఆమె మెయిలును భద్రతా విభాగానికి పంపింది. అభినందనలు, మీరు ఒక ప్రమాదాన్ని నివారించారు అని వెంటనే యంత్రం జవాబిచ్చింది. యంత్రం ఆమె మాటకు విలువిచ్చి, ఆ కంపెనీ నుంచి ఆమెకు రాబోయే మెయిళ్ళన్నిటినీ గుమ్మంలోనే ఆపేసింది. అందుచేత గడువు గుర్తుచేస్తూ కంపెనీ పంపిన మెయిళ్ళేవీ ఆమెకు చేరలేదు. విశ్వవిద్యాలయంలో ఆ ఏడాది మొత్తానికి సక్రమంగా పనిచేసిన యంత్రం అదొక్కటే.

శరదృతువులో మొదటి రోజు ఆమె కార్డు పెడితే గేటు తెరుచుకోలేదు. సీటు పోయిందని అప్పుడు తెలిసింది. ఆమె ఆఫీసు చుట్టూ తిరిగింది, అర్జీ పెట్టింది. చివరికి విచారణ సంఘం కొలువుతీరింది. ప్రొఫెసర్ ఫాదర్‌గిల్ అధ్యక్షురాలు, డాక్టర్ విన్‌స్టాన్లీ సాక్షి. బల్ల మీద టీ, క్రీము బిస్కట్లు. అక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తారు. దొరికే సమానత్వం ఆ ఒక్కటే కనుక ఎవరూ వదులుకోరు.

"గ్లెనిస్, ముందుగా మీ ధైర్యానికి మా జోహార్లు" అని ఫాదర్‌గిల్ మొదలుపెట్టారు. "మీ గొంతు మాకు ముఖ్యం. మీ బాధ మాకు ముఖ్యం. ఈ విశ్వవిద్యాలయం గుండెకాయ ఎవరంటే విద్యార్థులే. ఇప్పుడు చెప్పండి, మీరు ఎందుకు నొక్కలేదు?"

"నొక్కకూడదని రూపర్ట్ గారే చెప్పారండీ."

రూపర్ట్ గారు బిస్కట్టును టీలో ముంచి, అది విరిగి కప్పులో పడేదాకా చూస్తూ ఉండిపోయాడు. "చెప్పానండి. కానీ అది పాఠం. మార్కుల కోసం చెప్పింది. నిజంగా వచ్చినదానికి కూడా అన్వయిస్తారని నేననుకోలేదు."

"అంటే ఆ మెయిలు అనుమానించదగ్గది కాదంటారా?" అని గ్లెనిస్ అడిగింది.

"అనుమానించదగ్గదే" అన్నాడాయన నిజాయితీగా. "అలాంటి మెయిలు నా జీవితంలో చూడలేదు. వచ్చే ఏడాది తరగతిలో చూపిద్దామనుకుంటున్నా."

ఫాదర్‌గిల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇక్కడే మా ఇబ్బంది అర్థం చేసుకోవాలి మీరు. మీరు చేసింది ఒప్పు అంటే మెయిలు తప్పు అవుతుంది. మెయిలు తప్పయితే దాన్ని నొక్కిన మీ తోటివాళ్ళంతా తప్పు చేసినట్టు. వాళ్ళందరినీ ఫెయిల్ చేస్తే మొదటి సంవత్సరం తరగతి ఖాళీ. ఫీజులు వాపసు. అంతమంది భవిష్యత్తు దృష్ట్యా, మీరు తప్పు చేశారని అనుకోవడమే న్యాయం."

గ్లెనిస్‌కి ఒళ్ళు మండిపోయింది.

"మా ఆయన నొక్కాడు. తప్పు నీదే అంది బ్యాంకు. నేను నొక్కలేదు. తప్పు నీదే అంటున్నారు మీరు. మరి పంపినవాళ్ళ తప్పు ఎప్పుడండీ?"

ఫాదర్‌గిల్ ముఖంలో నిజమైన ఆనందం కనిపించింది.

"అద్భుతమైన ప్రశ్న! అది మూడో సంవత్సరం పాఠ్యాంశం. అక్కడిదాకా రావాలంటే ముందు మీరు మొదటి సంవత్సరంలో చేరాలి కదా."

చేరే దారి కూడా సంఘమే చూపింది. ఒక కాగితం జరిపి, సంతకం పెడితే దయతలచి సీటు ఇస్తామన్నారు. నిజమైన సందేశాన్ని గుర్తించే తెలివి నాకు కొరవడినది, ఇకమీదట విశ్వవిద్యాలయం పంపినట్టు కనబడే ప్రతి సందేశాన్నీ నమ్మి నొక్కెదను అని అందులో ఉంది. గ్లెనిస్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. తివాచీల కంపెనీ ఆమె కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టి చాలాకాలమైంది. చదువు రుణం నెత్తి మీద ఉంది. ఇంట్లో లిఫ్టు మీటకు భయపడే మనిషి ఉన్నాడు. వాళ్ళ మొహాన ఆ కాగితం విసిరికొట్టాలని ఆమెకు ఎంతగా అనిపించిందో, ఆ కలం పట్టుకున్న చెయ్యికే తెలుసు. ఆమె సంతకం పెట్టింది.

సంఘం చప్పట్లు కొట్టింది. విద్యార్థుల గొంతు వినబడిన సందర్భంగా ఒక ఫోటో కూడా తీశారు.

ఇంటికొచ్చేసరికి క్లైవ్ వేడి వేడి చేప, చిప్స్ పొట్లాలు విప్పి పళ్ళేల్లో సర్దుతున్నాడు. "ఏమైంది? గెలిచావా?"

"సీటొచ్చింది."

"నేనడిగింది అది కాదు."

"చిప్స్ చల్లారిపోతాయి, తిను" అంది గ్లెనిస్. క్లైవ్ వెనిగర్ సీసా ఆమె వైపు జరిపాడు.

గ్లెనిస్ ఇప్పుడు మొదటి సంవత్సరం చదువుతోంది. వచ్చిన ప్రతిదాన్నీ వచ్చిన మరుక్షణం నొక్కుతోంది. విద్యార్థిగా ఆమె సాధించిన పురోగతి అమోఘమని విశ్వవిద్యాలయం నివేదికలో రాసుకుంది. ఇంకొన్నాళ్ళకు తోటివాళ్ళతోపాటు ఆమె కూడా పట్టా పుచ్చుకుని ఎక్కడో ఒకచోట కాపలా కూర్చుంటుంది. అది మీ జీతం పడే బ్యాంకే కావచ్చు. ఒకనాడు మీ డబ్బు మాయమై మీరు ఫోన్ చేస్తే అక్కడివాళ్ళు ఎంతో మర్యాదగా మాట్లాడతారు. మీరు నొక్కి ఉంటే ఎందుకు నొక్కారని అడుగుతారు, నొక్కకపోతే ఎందుకు నొక్కలేదని అడుగుతారు. ఏది అడిగినా మీరు, క్షమించండి సార్, పొరపాటు నాదే అంటారు. అది మీకు ఒకరు నేర్పక్కర్లేదు, పునాది సంవత్సరం ఫీజు మీకు మిగిలినట్టే.