విప్పి ఉతికిన దిండు

ఆ రోజు ఉదయం వాచీల మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య స్టేషన్‌కి వెళ్లి వాళ్లమ్మను తీసుకొచ్చేలోగా ఈకల దిండు ఉతికి, ఆరబెట్టి, ఆవిడ మంచం మీద పెట్టాలి. అంతే.

ఆ దిండును అత్తగారు తాను పెంచిన బాతుల ఈకలతో, తన చేత్తో కుట్టి, వాళ్ల పెళ్లికి ఇచ్చింది. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో దాని మీద ఎవరూ తల పెట్టలేదు. అత్తగారు వచ్చినప్పుడే అది బీరువాలోంచి బయటికొస్తుంది. కిందటిసారి ఆవిడ దాని మీద పడుకుని ఏకబిగిన పదకొండు తుమ్ములు తుమ్మింది. "అమ్మ ఇచ్చిన దిండుకి దుమ్ము పట్టించామండీ!" అని భార్య నెల రోజులు బాధపడింది. భార్య బాధపడితే మెకానిక్‌కి ముద్ద దిగదు. అందుకే ఈ పథకం.

"గోరువెచ్చటి నీళ్లు చాలు. దిండు దిండుగానే మెషీన్లో వేసెయ్యండి," అని చెప్పి మరీ వెళ్లింది ఆమె.

"సరే," అన్నాడు గానీ మనసొప్పలేదు. ఇరవై ఏళ్లలో అతను ఒక్క గడియారాన్నయినా విప్పకుండా శుభ్రం చేసి ఎరగడు. పైపైన కడిగితే లోపలి దుమ్ము పోతుందా? కత్తెర తీసుకుని కుట్లు ఒక్కొక్కటే విప్పి, దిండు సంచి ఒక పక్కన, ఈకలు ఇంకో పక్కన పెట్టాడు. గడియారం ముక్కలైతే పళ్లెంలో బుద్ధిగా కూర్చుంటాయి. ఈకలకు ఆ పెంపకం లేదు. వాటిని పట్టి రెండు బకెట్ల సబ్బునీళ్లలో ముంచేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

తడిసిన ఈకలు బక్కచిక్కి, ముద్దయి, బాతు కంపు కొట్టడం మొదలుపెట్టాయి. చూస్తే ఇంకో గంటే మిగిలింది. భార్య హెయిర్ డ్రయ్యర్ తెచ్చి, బాత్రూం తలుపేసుకుని ఫుల్లుగా పెట్టాడు. పది నిమిషాలు ఏమీ కాలేదు. పదకొండో నిమిషం నుంచి ఆరినవి ఆరినట్టు పైకి లేచాయి. గోడకీ, అద్దానికీ, అతని మీసానికీ అంటుకోగా మిగిలినవి వెంటిలేటర్‌లోంచి బయటపడి, కింది వాటా పిన్నిగారు ఆరేసుకున్న బట్టల మీద వాలాయి.

పిన్నిగారు పైకి చూసింది. వాసన చూసింది. వెంటనే మెకానిక్ భార్యకు ఫోన్ చేసింది.

"అమ్మాయ్! మీ ఆయన బాత్రూంలో బాతుల్ని పీకుతున్నాడు!"

"బాతుల్నా? ఎన్నండీ?"

"ఈకలు చూస్తే నాలుగైనా ఉంటాయి!"

టాక్సీలో ఉన్న భార్యకు కళ్లు చెమర్చాయి. గుడ్డు ఉడకబెట్టడం కూడా రాని మనిషి! "అమ్మా, మీ అల్లుడు నీకోసం బాతు వండుతున్నారు," అంది. పొద్దుటి నుంచి ఏమీ తినని అత్తగారు చేతిలోని బిస్కెట్ల పొట్లం మడిచి సంచిలో పెట్టేసింది.

గేటు దగ్గర టాక్సీ ఆగిన చప్పుడుకి మెకానిక్ పై ప్రాణాలు పైనే పోయాయి. ఉతకడమే మరిచిపోయిన దిండు సంచిలో తన రెండు స్వెట్టర్లూ, ఆరు బనియన్లూ, ఒక తువ్వాలూ కుక్కి, నాలుగు కుట్లేసి మంచం మీద పడేశాడు. బాత్రూంకి గొళ్లెం పెట్టాడు.

"ఏదీ బాతు?" అంది అత్తగారు గుమ్మంలోనే.

అంతా తెలిసిపోయిందనుకున్నాడు మెకానిక్. "బాత్రూంలో ఉందత్తయ్యా. ఇంకా ఆరలేదు," అన్నాడు తల వంచుకుని.

"ఆరడమేమిటి బాబూ, ఉడకాలి గానీ!"

"ఉడికించకూడదటండీ. గోరువెచ్చటి నీళ్లు చాలంది మీ అమ్మాయి."

అత్తగారు కూతురి వంక చూసింది. "పోనీలే, మొదటిసారి కదా పాపం! అయ్యేలోగా కాస్త నడుం వాలుస్తాను," అని గదిలోకి వెళ్లిపోయింది.

వంటలో సాయం చేద్దామని భార్య బాత్రూం గొళ్లెం తీసింది. ఈకలు గుంపుగా ఎదురొచ్చాయి. ఆమె బకెట్ల వైపు, మొగుడి మీసం వైపు మార్చి మార్చి చూసింది.

"విప్పారా?"

"విప్పాను."

"అమ్మ చేతి కుట్లండీ అవి!" అంటూ అక్కడే కూలబడి ఏడ్చేసింది.

గడియారమైతే మళ్లీ బిగించి ఇచ్చేవాడు. పన్నెండేళ్లలో తనవల్ల ఆమె ఏడవడం ఇదే మొదలు. తడి నేల మీద ఆమె పక్కనే కూర్చుని, ఆమె జుట్టులోని ఈకలు ఒక్కొక్కటే ఏరసాగాడు.

నాలుగింటికి అత్తగారు కడిగిన ముత్యంలాంటి మొహంతో లేచి వచ్చేసరికి ఇద్దరూ ఇంకా ఈకలు ఏరుతూనే ఉన్నారు. ఆవిడ చప్పున ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, దూరంగా ఆగిపోయింది.

"మీ దిండు పాడుచేశానత్తయ్యా. మీరు పడుకున్నది నా స్వెట్టర్ల మీద," అన్నాడు మెకానిక్.

"అదా సంగతి! ఒక్క తుమ్మూ రాలేదేమిటా అనుకుంటున్నా. ఈకలు నాకు పడవు బాబూ. కుట్టాక తెలిసింది. అందుకే మీకిచ్చి వదిలించుకున్నాను. నేనొచ్చినప్పుడల్లా దాన్నే తెచ్చి నా తల కింద పెడతారాయె! మీ ముచ్చట చూసి నోరు మెదపలేకపోయాను."

భార్య ఏడుస్తూనే నవ్వేసింది. మెకానిక్ గుండె మీంచి బండ దిగినట్టయింది. స్వెట్టర్ల దిండు ఇక ఎప్పటికీ అత్తయ్యదేనని అక్కడికక్కడే ప్రకటించాడు. బాతు సంగతి కూడా తేలిపోయాక, అత్తగారు నిట్టూర్చి బిస్కెట్ల కోసం సంచి తెరిచింది. పొట్లం కింద, ప్లాస్టిక్ కవరులో, తెల్లగా ఏదో ఉబ్బి కనిపించింది.

"మరిచేపోయాను. మీరు దాన్నంత అపురూపంగా చూసుకుంటున్నారు కదా అని, దాని జతది కూడా తెచ్చాను."

భార్య లేచి వెళ్లి ముందు కత్తెర దాచింది.