తాజా రవ్వ

శనివారం పొద్దున్నే శామీర్‌పేట చెరువులో పట్టిన రవ్వ చేపలను ఐసు పెట్టెలో సర్దుకుని, భార్య శివమ్మను వెనక ఎక్కించుకుని, బాలరాజు దేవరయాంజాల్ దగ్గరి కొత్త కాలనీకి బండి తీశాడు. ఎండెక్కేలోగా సరుకు అమ్ముడుపోవాలి, లేదంటే కుక్కల పాలే. సరిగ్గా ఆ రోజే అతని గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప కేక రావడం లేదు.

అందుకే కేకను శివమ్మ తన ఫోన్లో రికార్డు చేసింది. ఆమె గొంతంటే బాలరాజుకు పెళ్లినాటి నుంచీ గర్వం. కట్ట మీద నిలబడి పిలిచిందంటే అవతలి ఒడ్డున వల విసిరేవాడి చెయ్యి ఆగిపోవలసిందే. ఆ కేకను అతని ఫోన్లోకి పంపి, బండికి కట్టిన చిన్న స్పీకర్లో వేయడమే మిగిలింది.

కాలనీ గేటు దగ్గర శివమ్మ బ్లూటూత్ తెరిచింది.

"గిదేందయ్యా, నీ ఫోను పేరు రెండుసార్లు కనవడ్తాంది?"

"ఒక్క కంపెనీ ఫోన్లైతే గట్లనే వస్తది. మీదిది నొక్కు," బాలరాజు గొంతు పెగుల్చుకుని అన్నాడు.

మీదిది గేటు పక్కింటి చక్రపాణి ఫోను. ఆ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పంతులుగారు రాలేనన్నారు, వ్రతకథ తన ఫోన్లోంచి పంపుతానని బావమరిది రఘునందన్ అన్నాడు. అంతలోనే ఫైలు వచ్చింది, తీసుకోమంటారా అని ఫోను అడిగింది. చక్రపాణి భక్తిగా తీసుకుని, ప్లే నొక్కి కళ్లు మూసుకున్నాడు. ఫోనుకు కలిపిన పెద్ద స్పీకర్ వాకిట్లో షామియానా కింద అందుకుంది.

"రవ్వా! తాజా రవ్వా! జల్దీ రాండ్రి, అయిపోతాంది రవ్వా!"

హాల్లో అందరూ ఉలిక్కిపడ్డారు. వంటింట్లో మాత్రం చక్రపాణి భార్య అమ్మడు ముఖం వెలిగిపోయింది. ప్రసాదానికి రవ్వ చాలక ఆమె అప్పుడే తల పట్టుకుని ఉంది. గోదావరి వైపు మనిషి, ఆ చేపను శీలావతి అనే ఎరుగును. గిన్నె పుచ్చుకుని గేటు దగ్గరికి పరుగెత్తింది.

"మూడు కిలోలు ఇవ్వమ్మా, తొందరగా!"

"నిండుగియ్యాల్నా, కోసియ్యాల్నా?" అంది శివమ్మ.

"రవ్వని కొయ్యడమేంటి? సన్నగా ఉంటే చాలు."

"సన్నగైతే ముండ్లు గొంతుల ఇరుకుతయమ్మా."

"రవ్వలో ముళ్లేంటి, విడ్డూరం కాకపోతే! నేతిలో దోరగా వేయించి పంచదార పోసేస్తాను, నువ్వు ముందు ఇవ్వు."

శివమ్మ మొగుడి చెవి దగ్గరికి వంగింది. "చేపల్ల చక్కెరేస్తదంటయ్యా! పాపం, ఆ ఇంటాయన ఎట్ల తింటున్నడో." అంటూనే పెట్టె మూత తీసింది. లోపల చేపలు చూసి అమ్మడు కేక పెట్టింది, చేతిలో గిన్నె కింద పడింది. ఆ కేకకు చక్రపాణి పట్టుపంచెతో పరుగున వచ్చాడు.

"వ్రతం ఇంటి ముందు చేపలా! లోపల మోగుతోంది మీ కేకేనా? రఘు ఏది నొక్కినా మళ్లీ మొదటికే వస్తోంది! ఇంకోసారి ఈ కాలనీలో అడుగుపెట్టారంటే చూడండి!"

బతిమాలుకుందామంటే బాలరాజుకు గొంతు లేదు. చేతులు జోడించి నిలబడ్డాడు. ఇంట్లో మెయిన్ ఆపేశాకగానీ స్పీకర్ నోరు మూతపడలేదు.

అప్పటికే నాలుగు వీధుల వాళ్లూ సంచులతో దిగిపోయారు. సగం మంది చేపలకు, సగం మంది ఉప్మా రవ్వకు. వచ్చాం కదాని రెండో రకం వాళ్లూ చేపలే పట్టుకెళ్లారు. పెట్టెలో ఐసు ముక్కలే మిగిలాయి. ఇన్నాళ్లూ తను గొంతు చించుకున్నా తెరుచుకోని తలుపులన్నీ బాలరాజు లెక్క చూసుకున్నాడు.

"నీ గొంతు మామూలుది కాదే," అన్నాడు, ఉన్న కాస్త గాలితోనే.

ఇగ ఈ కాలనీ మొహం చూసేది లేదనుకుంటూ బండి తిప్పుతుంటే వెనక నుంచి ఎవరో హ్యాండిల్ పట్టుకున్నారు. చక్రపాణి. ఇంటి వైపు ఒకసారి చూసుకుని, గొంతు బాగా తగ్గించాడు.

"రేపు ఆదివారం. రెండు కిలోల రవ్వ పక్కన పెట్టు. ప్రసాదానికి కాదు."