ఎవరినీ చంపని సుబేదారు

ఆత్మకూరుకు పది మైళ్ల దూరాన, నల్లమల కింద ఉన్న బండమీదపల్లె ప్రజలు 1954 వేసవిలో దస్తగిరి సాహెబ్‌ను ఏకగ్రీవంగా సుబేదారుగా నియమించుకున్నారని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఇరవై రెండేళ్లు చాకిరీ చేయించుకున్న సైన్యం ఈ పదవి ఇవ్వలేకపోయింది. సైన్యం లెక్కలో ఆయన వంటవాడు. పెషావరులో పప్పు, ఈజిప్టులో పప్పు, బర్మాలో వాననీళ్లు కలిసిన పప్పు వండి, ఒక ఇనుప పెట్టె, ఒక దుప్పటి, మంచి నడవడి కాగితం తీసుకుని ఇల్లు చేరాడు. ఊరు అలాంటి చిల్లర వివరాలను పట్టించుకోలేదు.

వచ్చిన పొద్దే కరణం గారి అరుగు మీద విచారణ జరిగింది. అడిగింది పైవీధి పెద్ద ఓబన్న.

"ఎంతమందిని సంపినావప్పా?"

"ఎవర్నీ సంపలేదన్నా. నేను వంటింట్లో ఉంటి."

అరుగు మీదున్న వాళ్లంతా ఒక జానెడు వెనక్కి జరిగారు.

ఇక్కడ బయటి పాఠకులకు కొంచెం వివరించాలి. బండమీదపల్లెలో మూడు తరాలుగా ఎవరి తల తెగినా, ముద్దాయి కోర్టులో చెప్పే మాట ఒక్కటే. "ఆ పొద్దు నేను వంటింట్లో సంగటి తింటాంటి దొరా." ఓబన్న ఈ మాట రెండుసార్లు చెప్పాడు. ఆయన దాయాది, కిందివీధి పెద్ద అయ్యన్న మూడుసార్లు చెప్పాడు. ఇద్దరూ గౌరవంగా విడుదలయ్యారు. అదే మాటను దస్తగిరి రెప్ప వేయకుండా చెప్పేసరికి ఊరికి అర్థం కావలసింది అర్థమైంది. ఇరవై రెండేళ్లు వంటింట్లోనే ఉన్నవాడు ఎంత పనిమంతుడై ఉండాలి. పైవీధి వాళ్లు నలభై తలలన్నారు, కిందివీధి వాళ్లు అరవైకి తగ్గలేదు.

మాజీ సైనికుల కోటా కింద సర్కారు దస్తగిరికి ఐదెకరాల బంజరు ఇచ్చింది. అది సరిగ్గా ఓబన్న చేనికీ అయ్యన్న చేనికీ నడుమ ఉంది. ఇద్దరూ చెరో పక్క నుంచి దాన్ని దున్నుకుంటూ రాగా, చివరికి ఒక మంచం పట్టేంత జాగా మిగిలింది. సర్వేయరు గొలుసు తీసుకుని వచ్చేసరికి మాత్రం రెండు పక్కల హద్దురాళ్లూ ఎవరూ అడగకుండానే వెనక్కి నడిచి వెళ్లి తమ పాత చోట్లలో నిలబడి ఉన్నాయి. మా ఊరి వాళ్లు ఇంత మంచివాళ్లా అని దస్తగిరి ఆశ్చర్యపోయాడు.

బర్మా బురదలో వానకు తడుస్తూ ఆయన కోరుకున్నది ఒక్కటే, తన ఎండిన సీమలో తనదంటూ ఒక బావి. ముప్పై అడుగుల లోతున నీళ్లు పడ్డాయి. ఆ రోజు ఆయన గట్టు మీద కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. వంకాయలు వేశాడు, మిరప వేశాడు.

రెండేళ్లు ఊళ్లో ఒక్క రాయి లేవలేదు. దస్తగిరిని అవతలివాడు కొనేశాడని ఇద్దరు పెద్దలకూ గట్టి అనుమానం. కిందివీధి ఎనుము పైవీధి జొన్నచేను మేస్తే మాటలతోనే తేల్చుకున్నారు. పండగలకు రెండిళ్ల నుంచీ బెల్లం వచ్చేది. దస్తగిరి కనిపించిన వాడికల్లా నిజం చెబుతూనే ఉన్నాడు. చెప్పిన కొద్దీ భయం పెరిగింది.

"నువ్వు నోరు మూసుకోని ఉండు. బాయిలో నీళ్లుండాయి కదా," అనేది భార్య మౌలాబీ.

"అబద్ధం మీద ఎన్నాళ్లు బతుకుతాం?"

"అబద్ధం నువ్యాడ చెప్తాండావు? నిజమే చెప్తాండావు కదా."

1956లో శాశ్వత పట్టా ఇవ్వడానికి తాసిల్దారు గారు స్వయంగా వేంచేసి పందిట్లో ఉపన్యసించారు. "శత్రువుల పాలిటి సింహస్వప్నం, ఈ గడ్డ కన్న వీరకిశోరం..." అని ముప్పావు గంట సేపు పొగిడాక, లాంఛనం కోసం సర్వీసు కాగితం చదివారు. ఉద్యోగం: వంటవాడు. ఆయుధ శిక్షణ: లేదు. యుద్ధరంగ సేవ: నాలుగేళ్లు, వంటశాలలో. అధికారి అభిప్రాయం: పప్పు ప్రశంసనీయం.

రెండేళ్లుగా మనిషిని నమ్మని ఊరు సర్కారు ముద్రను రెండు నిమిషాల్లో నమ్మింది. ఓబన్న, అయ్యన్న పదకొండేళ్ల తర్వాత మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి బావి వైపు చూశారు.

ఆ వారమే దాయాదులు రాజీపడ్డారు. ఇంతటి శుభకార్యానికి విందు లేకపోతే ఎలా? రెండు వందల మందికి వండగలవాడు ఎవరు? దస్తగిరికి కబురొచ్చింది. ఆ విందులోనే తన పట్టా రద్దు చేయమని అర్జీ పెడుతున్నారని ఆయనకు తెలుసు.

"కూరలో ఉప్పు గుమ్మరించిరా," అంది మౌలాబీ.

ఆయన చేతకానివాడు. పట్టుబడిన శత్రువులకు కూడా అదే రుచిగల పప్పు పెట్టిన చెయ్యి, కూర చెడగొట్టడానికి లేవలేదు. పొట్టేలు మాంసం ఘుమఘుమలాడింది. జనం వేళ్లు నాక్కుంటూ లేచి, "యుద్ధకాలమున ఒక్క శత్రువునైనను హతమార్చక, గ్రామస్థులను రెండేండ్లు శాంతియుతముగా నుండునట్లు మోసగించిన" ఫలానా దస్తగిరిపై పెట్టిన అర్జీకి వేలిముద్రలు వేశారు. అర్జీ మీద సిరా కన్నా మసాలా ఎక్కువ పడింది. పాఠకుల్లో ఎవరైనా ఆ పంక్తిలో కూర్చుని ఉంటే ఒకసారి బొటనవేలు వాసన చూసుకోవచ్చు.

ప్రజాభిప్రాయం ఏకంగా ఉన్నందున పట్టా రద్దయింది. బావి ఇద్దరిదీ అయింది. మూడో వారం రెండు వాములు తగలబడ్డాయి. నెల తిరిగేలోగా పైవీధిలో ఒక శవం, కిందివీధిలో ఒక శవం, సమన్యాయంగా లేచాయి.

దస్తగిరి ఇప్పుడు కోర్టు ఎదుట పూటకూళ్ల కొట్టు పెట్టుకున్నాడు. వాయిదా రోజున రెండు వీధుల వాళ్లూ అక్కడే, వేరువేరు బల్లల మీద తింటారు. ఒకనాడు ఓబన్న పప్పు కలుపుకుంటూ నిట్టూర్చాడు.

"నీవల్లనే ఊరు చెడిపోయెనప్పా సుబేదారూ. పటాలంలో ఒక్కణ్నన్నా సంపింటే మాకీ పీడ వచ్చేదా?"

దస్తగిరి ఇంకో గరిటె పప్పు వేశాడు. "ఈపొద్దు కోర్టులో ఏమని చెప్తావన్నా?"

"ఏముండాది? వంటింట్లో ఉంటినని చెప్తా."

చెప్పాడు. కోర్టు నమ్మింది.