కోటు కొలతల బైపాసు

ఆ ఉదయం ఆ ఇంట్లో ముగ్గురికీ మూడు పనులున్నాయి. కొడుకు పది గంటలకల్లా బైపాసు రోడ్డు గీసిన కాగితం పట్టుకుని మునిసిపల్ ఆఫీసులో ఉండాలి. కోడలు బజారుకు వెళ్ళి కోటు బొత్తాలు తేవాలి. ముసలావిడ ఆ కోటు గుడ్డ కత్తిరించి ఉంచాలి. ఎవరి పని వాళ్ళు చేసుకుంటే గొడవే లేదు. కానీ ఒకరి పనిలో ఒకరు చెయ్యి పెట్టని ఇల్లు ఎక్కడుంది గనక?

కొడుకు ఆ ఆఫీసులో నక్షాలు గీసే గుమాస్తా. పంతొమ్మిదేళ్ళుగా గీస్తున్నాడు, పంతొమ్మిదేళ్ళుగా టెంపరరీయే. ఈ లోపల ఆఫీసులో కుర్చీలు మారాయి, ఫ్యాన్లు మారాయి, చైర్మన్లు నలుగురు మారారు. ఆయన టెంపరరీ ఒక్కటే పర్మనెంటుగా ఉండిపోయింది. చివరికి ఈ చైర్మన్ గారు మాటిచ్చారు. "బైపాసు తీర్మానం పాసైన రోజున నీ ఫైలు మీద సంతకం పెడతానయ్యా" అన్నారు. ఆ రోజు ఇదే. మధ్యాహ్నం పన్నెండు లోపల తీర్మానం పైఆఫీసుకు చేరకపోతే రోడ్డు నిధులు పక్క ఊరికి పోతాయి. నిధులు పోతే సంతకమూ పోతుంది.

వీధి గదిలో కుట్టు కొట్టు నడిపే కోడలు కోట్లు కుట్టడంలో దిట్ట. ఆఫీసులో మిగిలిపోయిన ట్రేసింగు కాగితం ముక్కలు ఇంటికి వస్తే, వాటి మీదే కొలతలు గీసుకునేది. కాబట్టి మొగుడు రోడ్డు గీసేదీ, పెళ్ళాం కోటు గీసేదీ ఒకే రకం కాగితం మీద, ఒకే ఎర్ర పెన్సిలుతో. ఆ వారం ఆవిడ కుడుతున్నది చైర్మన్ గారి కోటే. రోడ్డుకు శంకుస్థాపన చేసే రోజు వేసుకోవడానికి. మెడ, భుజాలు, చేతులు అందరికీ ఉండేవే గనక పాత ముక్కలతో సరిపెట్టుకుంది. చైర్మన్ గారి పొట్ట మాత్రం అందరికీ ఉండేది కాదు. అందుకని మెడ నుంచి కింది అంచు దాకా ముందు భాగం గీత ఒక్కటీ కొత్తగా గీసుకుంది.

తొమ్మిదిన్నరకు కొడుకు గుమ్మంలో ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండో బూటుతో కుస్తీ పడుతున్నాడు.

"అమ్మా, బల్ల మీద నా కాగితం ఉంది. కాస్త అందుకో."

బల్ల మీద రెండు కాగితం చుట్టలున్నాయి. ముసలావిడ రెండూ చేత్తో తూచి చూసి, బరువైనది కొడుక్కిచ్చింది. ఆఫీసు పని కదా, బరువుగానే ఉంటుందని ఆవిడ నమ్మకం. కొడుకు వెళ్ళాక మిగిలిన చుట్ట విప్పి గుడ్డ మీద పరిచింది. పైనుంచి కిందికి తిన్నటి గీత, తాడు పట్టి కొట్టినట్టు.

"అయ్యో, రోడ్డు కోసం తిరిగి తిరిగి మనిషి పొట్టంతా కరిగిపోయింది" అని చైర్మన్ గారి మీద జాలిపడి, గీత వెంటే కత్తెర నడిపింది.

అక్కడ కౌన్సిలు హాలులో పెద్ద బల్ల మీద ఊరి నక్షా పరిచి ఉంది. నక్షాల గుమాస్తా తలుపు దాటీదాటకముందే ఇంజినీరు ఆయన చేతిలో చుట్ట లాక్కుని నక్షా మీద పరిచేశాడు. పై కొస బస్టాండు మీద పడింది, కింది కొస వంతెన మీద పడింది. మధ్యలో ఉన్న గీత మాత్రం తూర్పుకు ఉబ్బి ఉబ్బి, ఊరంతా తిరిగి వచ్చింది. ఆ ఉబ్బును గుమాస్తా చూడగానే గుర్తుపట్టాడు. వారం రోజులుగా ఇంట్లో చూస్తున్న గీతే అది.

"సార్, ఒక్క మాట..."

"ఆగవయ్యా. గీసేవాడివి గీశావు, చెప్పేవాణ్ణి చెప్పనీ" అన్నాడు ఇంజినీరు.

ఆయన పది రోజుల క్రితం చూసినప్పుడు గీత తిన్నగానే ఉంది. ఇదేమిటని అడిగితే మళ్ళీ చూడలేదని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని గొంతు సవరించుకున్నాడు.

కౌన్సిలులో ఒకాయన ఉన్నాడు. వీధి దీపాలు పెడదామంటే పురుగులొస్తాయని అడ్డు చెప్పిన ఘనుడు. అందరూ ఆయన్ని అడ్డం మెంబరు అంటారు. ఆయన లేచాడు.

"తిన్నగా పోవాల్సిన రోడ్డుకు ఈ కడుపేమిటండీ?"

"అక్కడ నేల మెత్తనండీ. తిన్నగా వేస్తే దిగిపోతుంది" అన్నాడు ఇంజినీరు.

"మధ్యలో ఈ నలభై ఆరేమిటి?"

"వెడల్పు."

"అడుగులా?"

"మరి అంగుళాలా?"

గుమాస్తా కళ్ళు మూసుకున్నాడు.

అడ్డం మెంబరు నక్షా మీదికి వంగి వేలు పెట్టి వెతికాడు. పాత గీత ఆయన కట్టెల అడితి నడుమ నుంచి పోయేది. ఇప్పుడు అడితిని తాకకుండా పక్కనుంచి తప్పుకుని పోతోంది. ఆయన మొహం మారింది. "ఆలోచిస్తే వంపులో కూడా ఒక అందం ఉందిలెండి" అన్నాడు. అది విని మిగతావాళ్ళూ లేచొచ్చారు. ఒకాయన వేలు తన ఇంటి మీద, ఒకాయన వేలు తన కొట్టు మీద, ఇంకొకాయన వేలు బావమరిది తోట మీద. ఎవరిది వాళ్ళకు భద్రంగా ఉంది. రోడ్డు వైపు చూసినవాడు లేడు. చైర్మన్ గారైతే కళ్ళజోడు పెట్టుకుంటే పెద్దవాడిలా కనిపిస్తానని దాన్ని జేబులోంచి తియ్యనే లేదు. అన్ని చేతులూ లేచాయి. అడ్డం మెంబరు చెయ్యి అందరికంటే ముందు లేచింది. పదకొండూ నలభైకి తీర్మానమూ, గీతా కంప్యూటరులో పైఆఫీసుకు వెళ్ళిపోయాయి.

పదకొండూ యాభైకి కోడలు కత్తిరించిన గుడ్డ చేత్తో పట్టుకుని, రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమండీ, చైర్మన్ గారి పొట్ట మీ దగ్గరుందా?"

ఆవిడ అప్పుడే బల్ల మీది కాగితం చూసింది.

"అమ్మయ్య, ఇక్కడుంది. ఇది రెండో బొత్తాం, ఇది మూడోది. ఇదిగో, ఇక్కడ ఊపిరి పీల్చుకోవడానికి ఒక అంగుళం వదిలాను."

చైర్మన్ గారు కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. ఆయన పొట్ట అన్నిటికంటే ఎక్కువ ముందుకొచ్చిన చోట, ఆ ఎర్ర గీత కింద, ఒక ఇల్లుంది. పోయిన నెలే పై అంతస్తు వేయించిన ఇల్లు. ఆయనదే.

"తప్పు నాదే సార్. ఇంట్లో చూసుకోకుండా తెచ్చాను. చెప్పబోతే..." అన్నాడు గుమాస్తా. తల్లి ఊసెత్తలేదు.

"రేపటి నుంచి రానక్కర్లేదు" అన్నారు చైర్మన్ గారు, ఫోను అందుకుంటూ.

పైఆఫీసువాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. ఏకగ్రీవ తీర్మానం కాబట్టి నిధులు మంజూరు చేసేశామన్నారు. గీత మార్చాలంటే కారణం కాగితం మీద రాసి, అందరూ సంతకాలు పెట్టి పంపమన్నారు. చైర్మన్ గారు కలం తీసి 'కారణం' అని రాశారు. ఆ తర్వాత కలం కదల్లేదు.

"రాయండి చైర్మన్ గారూ. మొదటి సంతకం నేను పెడతాను" అన్నాడు అడ్డం మెంబరు, ఎంతో ఆప్యాయంగా.

"నన్ను మాత్రం లాగకండి. నేల మెత్తనని రాతలో ఇచ్చేశాను" అన్నాడు ఇంజినీరు.

కోడలు గుడ్డ మడతపెట్టుకుంటూ మొగుడి వైపు తిరిగింది. "పదండి పోదాం. ఉద్యోగం పోతే పోయింది, నాతోపాటు కొట్లో కూర్చుందురుగాని. రోజూ పాతికమంది వస్తారు. ఈ రోడ్డు కథ మీరు చెబుతూ ఉంటే నేను నాలుగు కోట్లు ఎక్కువ కుడతాను."

ఆవిడ మాటలో వెటకారమేమీ లేదు. అదే చైర్మన్ గారిని ఎక్కువ భయపెట్టింది.

"ఏమయ్యా, పర్మనెంటు వాళ్ళకి ఆఫీసు సంగతులు బయట చెప్పకూడదని రూలుంది కదూ?"

"ఉంది సార్. టెంపరరీ వాళ్ళకే లేదు."

పన్నెండు కొట్టకముందే ఫైలు మీద సంతకం పడింది. పంతొమ్మిదేళ్ళు కదలని కలం ఒక్క నిమిషంలో కదిలింది.

ఇంటికొచ్చి కొడుకు ఆ మాట చెబితే, ముసలావిడ చేతిలో కత్తెర దించకుండానే అంది. "మరి నేను బరువైన చుట్ట ఏరి ఇచ్చానా లేదా? నీకెప్పుడూ నా మీద నమ్మకం ఉంటేగా."

చైర్మన్ గారు ఇల్లు వదులుకుని, ఊరి కోసం త్యాగం చేశానని చెప్పుకుంటూ శంకుస్థాపనకు వచ్చారు. వేరే గుడ్డ కొనే వ్యవధి లేక ఆ కోటే వేసుకున్నారు. మెడ కుదిరింది, భుజాలు కుదిరాయి, బొత్తాలు మాత్రం ఒకదాని దగ్గరికి ఒకటి రాలేదు. ఊళ్ళో ఇంత మార్పు జరిగినా, మొదట అనుకున్న ప్రకారం తిన్నగా వచ్చింది ఆ కోటొక్కటే.