ఉల్లిపాయలో దాక్కున్న చెల్లప్ప

గుట్టు అనేది కొబ్బరిచెట్టుకు పట్టే కొమ్ముపురుగు లాంటిది. అది లేని ఊరే స్వర్గం!

నమ్మరా? అయితే తమిళనాడులో ఉడుమలైపేట దాటి, కొబ్బరితోటల మధ్యనున్న మా తెలుగువాళ్ల ఊరికి రండి. మీరు బస్సు దిగేలోపే మీరెవరో, ఎవరింటికి వచ్చారో, మీకు షుగరెంత ఉందో ఊరికి తెలిసిపోతుంది. షుగరు సంగతి మీకే తెలియకపోతే మమ్మల్ని అడగండి, చెబుతాం. ఇంత సేవ ఏ సర్వరు చేస్తుంది?

పడమటి వీధిలో ఒకాయన తుమ్మితే, ఆ కబురు తూర్పు వీధికి జ్వరంగానూ, పాలసొసైటీకి న్యుమోనియాగానూ చేరింది. ఆయన మాత్ర కొనుక్కుని ఇంటికొచ్చేసరికి వాకిట్లో పూలదండలు! పూలు వాడిపోతాయని అదే రోజు ఆ దండలతో మనవడి పెళ్లి కానిచ్చేశారు. గుట్టుగా తుమ్మి ఉంటే ఆ పిల్లవాడికి పెళ్లయ్యేదా?

అరవదేశంలో మన తెలుగు ఎవరికి తెలుస్తుందిలే అని మావాళ్లకు ఒక భ్రమ ఉండేది. ఇద్దరాడవాళ్లు బస్సెక్కింది మొదలు కండక్టరును కమ్మగా తెలుగులో తిట్టుకుంటూ వచ్చారు. దిగేటప్పుడు అతను తలుపు పట్టుకుని, "పైలంగా దిగండక్కా, పందిమూతోడు చెప్తా ఉండాడు" అన్నాడు. అతనిదీ తెలుగిల్లే!

ఇంతటి భాగ్యాన్ని వద్దనుకున్న మనిషి ఊరు మొత్తంలో ఒక్కడే. చెల్లప్ప.

ఆయనది నీళ్ల బాధ. ఆయన వీధి కొళాయి గాలి తప్ప మరేమీ ఇవ్వడం మానేసింది. ట్యాంకు వాల్వు తిప్పే కాళి నీళ్లన్నీ తన వీధికి మళ్లించి, మిగిలితే తన కొబ్బరిమొక్కలకు పారిస్తున్నాడు. చెల్లప్ప భార్య కాంతమ్మాళ్ ఊరవతలి మోటారుబావి నుంచి నీళ్లు మోసి మోసి మోకాళ్లు అరగదీసుకుంది. పంచాయతీకి ఫిర్యాదు చెయ్యాలి. పేరు పెట్టి చేస్తే కాళి ఊరుకుంటాడా? ఆ వచ్చే గాలిని కూడా కట్టేస్తాడు!

అప్పుడు దిగింది కూతురి కూతురు కళైవాణి, కోయంబత్తూరు నుంచి. పేరూ ఊరూ తెలియకుండా కబుర్లు పంపే నెట్‌వర్కులను ఎవరు వాడుతున్నారు, అవి ఎంత భద్రం అన్నది ఆ పిల్ల పీహెచ్‌డీ.

"ఉల్లిగడ్డ మాదిరి తాతా! కబురుకి పొరమీద పొర సుడతారు. వేరేవేరే దేశాల్లో ఉండే మూడు మిషన్లు తలా ఒక పొర వలుస్తాయి. మొదటిదానికి ఎవరు పంపింది తెలుసు, కడాదానికి యాడికి పోతాదో తెలుసు. రెండూ తెలిసిన మిషను ఒకటీ లేదు."

"మన ఊర్లో మూడు నోళ్లు దాటితే పొరలు పెరగతాయే గాని తగ్గవే, అమ్మిణీ!"

"అవి మిషన్లు తాతా, మనుసులు కాదు."

"మిషన్లకి సుట్టాలు లేరా?"

లేరని గట్టిగా తేల్చుకున్నాకే చెల్లప్ప ఫోనులోకి తమిళంలో ఫిర్యాదు చెప్పాడు. ఫోను ఆ మాటల్ని ఉన్నవున్నట్టు అక్షరాల్లో పెట్టింది. పేరు లేకుండా అది పంచాయతీ కంప్యూటరుకు చేరింది. చెల్లప్ప మీసం దువ్వుకున్నాడు.

మర్నాడు టీకొట్టు దగ్గర కాళి పళ్లికిలించాడు. "ఏం మామా, మీ ఈధిలో ఎండిపోచ్చా?"

చెల్లప్ప గ్లాసులో టీ ఒలికిపోయింది.

సంగతేమిటంటే, నీళ్లు ఎండితే తమిళవాడు 'వత్తిపోచ్చు' అంటాడు. తెలుగువాడు 'ఎండిపోయింది' అంటాడు. చెల్లప్ప మాత్రం 'ఎండిపోచ్చు' అంటాడు. తల తెలుగు, తోక తమిళం! కరెంటు పోయినా, బస్సు తప్పినా, అల్లుడు అలిగినా ఆయనకు ఎండిపోచ్చే. అది అచ్చ తమిళమని పుట్టినప్పటి నుంచీ ఆయన నమ్మకం. నెట్‌వర్కు ఆయన ఊరు దాచింది, ఫోను దాచింది, పేరు దాచింది. నాలుకను దాచే పొర ఆ ఉల్లిపాయలో లేదు.

కళైవాణి బాధపడిందా? ఎగిరి గంతేసింది! "నెట్‌వర్కు ఓడలే తాతా, నీ నాలిక ఓడింది. థీసిస్‌లో ఇదొక చాప్టరు!"

"ఆ నాలిక్కి మందు కనిపెట్టే థీసిస్ ఉంటే సెప్పు," అంది కాంతమ్మాళ్. "పెళ్లైనప్పట్నించీ ఎతకతా ఉండా."

పంచాయతీ కూడింది. ప్రెసిడెంటు మునిసామి ఫిర్యాదు అచ్చు తీసిన కాగితాన్ని వేలితో పొడిచాడు. "ఇది జర్మనీ నించి వచ్చినట్టు కంప్యూటర్లో ఉండాది. జర్మనీలో ఎండిపోచ్చు అనేవాడు ఎవడప్పా?"

జర్మనీ తప్ప ఊరంతా చెల్లప్ప వైపు చూసింది.

"పేరు లేని కాయితానికి మర్యాద లేదు. ఎవరు రాసిందో తేలాల!"

చెల్లప్ప కండువా దులిపి లేచాడు. "నేనే రాసినా. పేరు ఏసుకో. కాళి ఏమి కట్టేస్తాడో కట్టేసుకోనీ."

మునిసామి మొహం విప్పారింది. "నువ్వా మామా? నువ్వైతే సరి, నీకు ఎప్పుడూ ఇదే పని!" అని కాగితం మడిచేశాడు.

చూశారా అయ్యలారా? పేరు లేకపోతే ఎవడో అని చదవరు. పేరుంటే వీడేగా అని చదవరు! పేరు దాచడానికి ఇంత చదువు చదువుతున్న దొరలు, రాసిందాన్ని చదివించే విద్య మీద ఒక్క పిల్లకైనా పీహెచ్‌డీ ఇప్పించకూడదా?

అంతలో కాంతమ్మాళ్ జనాన్ని తోసుకుని వచ్చి, తన ఖాళీ ఇత్తడి బిందెను మునిసామి బల్ల మీద ఠంగుమని పెట్టింది.

"పేరు కావాలంటే దీనిమీద కొట్టించి ఉండాది. లోపల ఏముండాదో సూడు!"

మునిసామి కళ్లజోడు సవరించుకుని, బిందెను వెలుతురుకు తిప్పి, శ్రద్ధగా పేరు చదివాడు.