ఓడ లింగయ్య గోదారి దాటించిన నాడు

ఆ పొద్దున లింగయ్యకు ఉన్న పని ఒక్కటే. మనవడి పుట్టువెంట్రుకలు తీసే చోట చాప మీద పెద్దమనిషిలా కూర్చోవాలి. బచ్చన్నపేట నుంచి బస్సులు మారి మహదేవపూర్ దాకా వచ్చింది అందుకే. గోదావరి నడుమ ఇసుక దిబ్బ మీద గంగమ్మ గద్దె ఉంది, మొక్కు అక్కడ. మంగలాయన, లింగయ్య కొడుకు సంపత్, వియ్యాలవారి చుట్టాలు నిన్న మాపే పడవలో దిబ్బకు చేరారు. ఇప్పుడు ఒడ్డున ఉన్నది లింగయ్య, భార్య యాకమ్మ, పిల్లాణ్ని చంకనేసుకున్న బిడ్డ కల్పన, వియ్యపురాలు కొమురవ్వ. వాళ్లతో పాటు బియ్యం సంచి, బెల్లం మూట, వంటగిన్నెలు, మొక్కు మేకపోతు.

పడవ ఉంది, పడవ నడిపే కనకయ్య లేడు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

"ఎండ ఎక్కుతాంది. ఇంకెంతసేపు చూస్తం?" అంది కొమురవ్వ. "మా అన్న ఉండంగ మనకు కనకయ్య ఎందుకు? సముద్రం మీద ఓడ నడిపినాయనకు గీ గోదారి ఒక లెక్కనా?"

లింగయ్య తల తిప్పి మళ్లీ దారి వైపు చూశాడు. ఓడలో పనిచేసిన మాట నిజమే. ఉప్పు, సిమెంటు మోసే చిన్న సరుకు ఓడ. అది ఎక్కని ఇసుక మేట లేదు, గుద్దని రేవుగోడ లేదు. ఒకసారి ఇంజను ఆగి, పేరు తెలియని ఊరి ఒడ్డుకు కొట్టుకుపోయింది. ఇంకోసారి ఉప్పంతా తడిసి, సముద్రం సొమ్ము సముద్రానికే పోయింది. ఇవన్నీ జరుగుతున్నప్పుడు లింగయ్య కింద వంటగదిలో బకెట్టు పట్టుకొని కక్కుకుంటూ ఉన్నాడు. చుక్కాని దగ్గరికి పోయిందల్లా చాయ్ ఇవ్వడానికే.

కానీ కల్పన పెళ్లిచూపుల్లో ఎవరో అడిగితే, తుఫానులో తాడు పట్టుకున్నానన్నాడు. నిశ్చితార్థం నాటికి చుక్కాని పట్టాడు. పెళ్లి నాటికి కప్తాను సొమ్మసిల్లి పడిపోయాడు.

ఇప్పుడు పడవ నడపడం రాదంటే పోయేది తన పరువొక్కటే కాదు. కొమురవ్వ నోరు ఎలాంటిదో మండలమంతా ఎరుగును. తండ్రి గొప్పలు తలుచుకుని తలుచుకుని కల్పనను ఆ ఇంట్లో కుళ్లబొడుస్తారు.

"ఎక్కుండ్రి," అన్నాడు.

"ఏందయ్యా, నీకు వస్తదా?" అని యాకమ్మ చెవిలో అడిగింది.

"ఊకో."

వెదురు గడను బురదలో గట్టిగా పొడిచి నెట్టాడు. పడవ కదిలింది. గడ కదలలేదు. గడను వదలాలో పడవను వదలాలో తేలేలోపు చేతులు సాగి, నడుము వంగి, చివరికి గడే చేజారింది. అది నీళ్లలో కరెంటు స్తంభంలా నిటారుగా నిలబడిపోయింది.

"గడ ఇడిసినవేంది అన్నా?"

"ఇంక దానితోని పని లేదు చెల్లె. నీళ్లే తీస్కపోతయి."

నీళ్లు తీసుకుపోయాయి గాని దిబ్బ వైపు కాదు. పడవ గానుగెద్దులా తిరిగి తిరిగి, కర్రుమని ఆగిపోయింది. చుట్టూ మట్టిరంగు నీళ్లు, అడుగు కనపడదు. పిల్లాడు ఏడుపు అందుకున్నాడు.

"ఆగిందేంది నాయినా?" అంది కల్పన.

లింగయ్యకు ఓడలో విన్న మాట ఒక్కటి తట్టింది. మేట ఎక్కినప్పుడల్లా పైనుంచి కప్తాను అరిచేవాడు, సరుకు పారేసి ఓడను తేలిక చేయమని. అంతకు మించి ఏ మాటా వంటగది దాకా వచ్చేది కాదు.

"ఎవ్వలు దిగద్దు. ఈడ మనిషి మునిగే లోతుంటది," అన్నాడు. "బరువు తీసెయ్యాలె. ఓడ కాడ గిదే పద్ధతి."

బియ్యం సంచి పోయింది. పడవ కదలలేదు. బెల్లం మూట పోయింది. గిన్నెలు తేలుకుంటూ దిబ్బ వైపు ప్రయాణం కట్టాయి. పడవ కన్నా అవే నయం.

"ఇంక మేకనే," అన్నాడు లింగయ్య గొణుగుతూ.

"మొక్కు మేకను పారేస్తరా?" అంది యాకమ్మ.

"మొక్కింది గంగమ్మకే గద వదినా. ఆమె చేతులనే పెడ్తున్నం," అంది కొమురవ్వ. కొంగు నడుముకు దోపి, ఇంకొకరి చెయ్యి పడనీయకుండా, మేకపోతును ఎత్తి తానే గోదారిలోకి వేసింది. వేసి, చేతులు జోడించి కళ్లు మూసుకుంది.

కళ్లు తెరిచేసరికి మేక నిలబడి ఉంది. నీళ్లు దాని పొట్టను అంటీ అంటనట్టున్నాయి. అది ఒకసారి ఒళ్లు దులుపుకొని, పడవలోని వాళ్లను ఒక్కొక్కరినే చూసి, వచ్చిన ఒడ్డుకే నడిచిపోయి తుమ్మ పొదల్లో దూరింది.

అప్పుడే దిబ్బ వైపు నుంచి కనకయ్య లుంగీ మడిచి కట్టి, నీళ్లలో నడుచుకుంటూ వచ్చాడు.

"రాత్రి నీళ్లు గుంజి తగ్గినయి కదక్కా, పడవ ఎందుకు ఎక్కిండ్రు? పై రేవు కాడ అందరు నడుస్తనే ఉన్నరు," అన్నాడు. "ఆ తేలుకుంట పోయే గిన్నెలు మీయేనా?"

లింగయ్య పడవ అడుగు పలకలను చూస్తూ కూర్చున్నాడు. ఓడ వంటగదిలో కక్కుకున్న రోజుల్లో కూడా ఇంత కిందికి పోలేదు. ఉన్నదంతా చెప్పేద్దామని నోరు తెరిచాడు. "చెల్లె..."

"మాట్లాడకు," అంది కొమురవ్వ. ఆమె మొహం కూడా కందిపోయి ఉంది. పుట్టిందీ పెరిగిందీ ఈ గోదారి ఒడ్డునే. ఈ రేవులో బట్టలు ఉతికిన మనిషి, మోకాటి లోతులో మొక్కు మేకను పారేసి దండం పెట్టింది. "ఇగో కనకయ్యా, కల్లు తాపిస్త. నోరు మూస్కో."

దిబ్బ మీద కొమురవ్వ తోడికోడలు, కనకయ్య నీళ్లలోంచి తీసి మోసుకొచ్చిన బియ్యం సంచిని వేలితో తాకింది. "గిదేంది అక్కా, గిట్ల నానింది? మేక ఏది?"

చుట్టాలంతా ఇటు తిరిగారు. లింగయ్య ఇసుకలోకి చూశాడు.

"దారిల వాన కొట్టింది," అంది కొమురవ్వ. "ఉరుముకు బెదిరి మేక తెంపుకపోయింది. మా అన్న ఉండవట్టి మనుషులమన్న దక్కినం."

తాను అబద్ధం ఆడకుండానే తన గొప్పలు మళ్లీ ఒక మెట్టు ఎక్కినందుకు లింగయ్యకు తల ఇంకాస్త వంగింది.

మే నెల ఎండ నెత్తి మాడుస్తోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. కొమురవ్వ నోటికి జంకి, ఒక్కరూ తల పైకెత్తి చూడలేదు.